స్టాఫ్‌రూమ్‌లో ఆసరా: టీచర్ల పని ఒత్తిడిని బడిలోనే తగ్గించుకునే దారి

ఒత్తిడి మీద ఏ శిక్షణకి వెళ్లినా మాట చివరికి యోగా, ధ్యానం, మంచి ఆలోచనల దగ్గరికి వచ్చి ఆగుతుంది. అవి మంచివే, చేసుకోవచ్చు. కానీ రోజుకి ఏడు పీరియడ్లు చెప్పి, మధ్యలో భోజనాల లెక్క అప్‌లోడ్ చేసి, సాయంత్రం ఇంటికి చేరేసరికి గ్రూపులో ‘ఇవాళే పంపాలి’ అన్న మెసేజ్ చూసే మనిషికి పొద్దుటి పది నిమిషాల ధ్యానం ఏ మూలకి?

నేను నమ్మేది ఇది. టీచరు ఒత్తిడిలో చాలా భాగం పని పంపకంలో పుడుతుంది. సెలవు పెట్టిన వాళ్ల క్లాసుకి ఎవరు వెళుతున్నారు, ఏ యాప్ ఎవరి ఫోన్లో ఉంది, తల్లిదండ్రులు గొడవకి వస్తే పక్కన ఎవరు నిలబడుతున్నారు, ఇవి మారితే మనిషి తెరిపిన పడతాడు. హెచ్‌ఎం, స్టాఫ్ కలిసి కూర్చుంటే వీటిలో చాలావాటిని మార్చుకోవచ్చు. జీవో రావాల్సిన పని లేదు, నిధులూ అక్కర్లేదు.

కింద రాసింది ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బళ్ల కోసం. ఏకోపాధ్యాయ బళ్లకీ ప్రైవేటు టీచర్లకీ పనికొచ్చేవి విడిగా రాశాను.

1. వారం రోజులు పని రాసి చూడండి

తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఎప్పుడు, ఏ పని, ఎవరు చెప్పారు, ఎంతసేపు పట్టింది. సోమవారం నుంచి శనివారం దాకా ప్రతి టీచరూ రాయాలి. పాఠం చెప్పడం, నోట్సులు దిద్దడం, ఎఫ్ఏ (ఫార్మేటివ్ పరీక్షల) మార్కుల ఎంట్రీ, హాజరు, భోజనాల లెక్క, యూడైస్ (బళ్ల సమాచారం ఎక్కించే కేంద్ర పోర్టల్) వివరాలు, పిల్లల ఆధార్ సవరణలు, యూనిఫాం కొలతలు, ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) నుంచి పుస్తకాలు తెప్పించడం, దెబ్బ తగిలిన పిల్లాణ్ని పీహెచ్‌సీకి తీసుకెళ్లడం, అన్నీ. ఇంటికెళ్లాక చేసినవి కూడా వదలకండి.

ఈ కాగితాలు తనిఖీకి కాదని ముందే చెప్పాలి. పేరు రాయడం ఇష్టం లేనివాళ్లు రాయక్కర్లేదు. హెచ్‌ఎం తన కాగితం కూడా బల్ల మీద పెట్టాలి. హెచ్‌ఎం గదిలో ఏం జరుగుతుందో స్టాఫ్‌కి తెలియకపోవడం వల్లే సగం అపార్థాలు వస్తాయి.

వారం తర్వాత చూస్తే సాధారణంగా రెండు సంగతులు బయటపడతాయి. ఒకే వివరాన్ని ఇద్దరు ముగ్గురు వేర్వేరు చోట్ల నింపుతుంటారు. రెండోది, రాత పని అంతా ఒకరిద్దరి నెత్తిన పడి ఉంటుంది. ‘మీకు కంప్యూటర్ వచ్చు కదా మేడం’ అన్న ఒక్క మాటతో మొదలై, ఏడాది తిరిగేసరికి ఆ మేడం సగం గుమాస్తా అయిపోతుంది. కాదనలేని మొహమాటం ఉన్నవాళ్ల మీదే బరువు పెరుగుతుంది. కాగితం మీద కనపడితేనే దాన్ని పంచే మాట వస్తుంది.

2. ఆ పనుల్ని మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప బోధన, దానికి కావాల్సిన తయారీ. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో టీచరు పని వారానికి కనీసం 45 గంటలని ఉంది. ఆ గంటల్లో తయారీ సమయం కూడా కలిసే ఉంది. అంటే లీజర్ పీరియడ్‌లో నోట్సులు దిద్దుతున్న టీచరు చట్టం ప్రకారం పనిలోనే ఉన్నట్టు. ‘ఖాళీగానే ఉన్నారు కదా’ అనే మాటకి ఇదే జవాబు.

రెండో కుప్ప చట్టం ఒప్పుకున్న బయటి పనులు. అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం బోధనేతర పనికి టీచర్లను వాడుకోదగ్గవి మూడే: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, స్థానిక సంస్థలు, శాసనసభ, పార్లమెంటు ఎన్నికలు. 2027 జనగణన కూడా ఇందులోకే వస్తుంది. ఓటర్ల జాబితా పని గురించి 2007లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. టీచర్లకు ఆ పనులు సెలవు రోజుల్లో, బోధన లేని రోజుల్లో అప్పగించాలి. బడి వేళల్లో మామూలుగా వేయకూడదు. బీఎల్‌వో (బూత్ స్థాయిలో ఓటర్ల జాబితా చూసే అధికారి) డ్యూటీ పడినవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక మూడో కుప్పలో మిగతావన్నీ పడతాయి. వీటిలో కొన్ని తప్పవు. కొన్ని మాత్రం ఎప్పుడో ఒక అధికారి అడిగితే మొదలై, ఆయన బదిలీ అయ్యాక కూడా కొనసాగుతున్న రిజిస్టర్లు. ఒక్కో దాని పక్కన ‘ఇది ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?’ అని రాసుకోండి. జవాబు లేని రిజిస్టర్ల పేర్లు జాబితాగా రాసి, ఆపేయవచ్చా అని ఎంఈవోని (మండల విద్యాధికారిని) రాతపూర్వకంగా అడగండి. అడగకుండా ఆపితే తనిఖీ రోజున ఇబ్బంది.

3. అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్‌ని సరిచేయండి

స్టాఫ్‌రూమ్‌లో మనస్పర్థలకి జీతాల కన్నా, ప్రమోషన్ల కన్నా ఈ రిజిస్టర్ పెద్ద కారణం. ఉదయం ప్రార్థన అయ్యేలోపు ఎవరు రాలేదో చూసి, వాళ్ల పీరియడ్లు మిగిలినవాళ్లకు వేస్తారు. రాసేది ఎక్కువగా సీనియర్ అసిస్టెంటు. హడావుడిలో ఎదురుగా కనపడిన పేరే రాస్తారు. అలా రెండు మూడు పేర్లే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎవరూ కావాలని చేయరు, కానీ ఆ పేరున్న మనిషికి మాత్రం కావాలనే చేసినట్టుంటుంది.

ఒక హైస్కూల్లో టైంటేబుల్ వెనక అంటించిన పద్ధతి చూశాను. చాలా బావుంది. ప్రతి టీచరు పేరు కింద రోజుకి ఒక లీజర్ పీరియడ్‌ని ఎర్ర పెన్నుతో చుట్టి ఉంచారు. ఆ పీరియడ్ ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా లీజర్లలో మాత్రమే అడ్జస్ట్‌మెంట్ వేస్తారు. వేసిన ప్రతిసారీ పేరు పక్కన ఒక గీత. కొత్తగా వేయాల్సి వస్తే గీతలు తక్కువ ఉన్నవాళ్ల దగ్గర మొదలుపెడతారు. నెలాఖరున గీతలు లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు. దీనికి కావాల్సింది ఒక ఎర్ర పెన్ను, నెలకో కాగితం.

మీ బళ్లో పెట్టాలంటే ఈ నాలుగు విషయాలు ముందే ఒప్పుకోండి:

- ముందు రోజే సెలవు తెలిస్తే సాయంత్రం నాలుగులోపు చెప్పాలి. అడ్జస్ట్‌మెంట్ ఆ సాయంత్రమే వేయాలి.
- సెలవు పెట్టేవాళ్లు ఆ క్లాసుకి ఇచ్చే పని ఒక పేరా రాసి ఉంచాలి. అప్పుడు వెళ్లిన టీచరు పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టక్కర్లేదు.
- ముగ్గురికి మించి రానిరోజున అడ్జస్ట్‌మెంట్‌తో నెట్టుకురావద్దు. రెండు సెక్షన్లు కలపండి. హెచ్‌ఎం కూడా ఒక క్లాసుకి వెళ్లాలి.
- గర్భిణులకి, చిన్నపిల్లల తల్లులకి, ఆపరేషన్ అయి వచ్చినవాళ్లకి కొంతకాలం మినహాయింపు. దీన్ని వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

చివరి దాని మీద కొందరు ‘అందరికీ సమానం కదా’ అంటారు. మనకీ అలాంటి రోజులు వస్తాయి, అప్పుడు మనకీ ఇదే వర్తిస్తుందని నచ్చజెప్పండి.

4. యాప్‌లకి, వాట్సాప్‌కి వేళ పెట్టండి

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ముఖ గుర్తింపు హాజరు ఉంది, తెలంగాణలో 2025లో వచ్చింది. భోజనాల లెక్క, పిల్లల హాజరు, మార్కులు, అన్నీ ఫోన్లోనే. వీటిని బడి స్థాయిలో ఆపలేం. ఎవరు, ఎప్పుడు చేస్తారన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఒక్కో యాప్‌కి ఇద్దరి పేర్లు రాయండి. ఒకరు చేస్తారు, రెండోవారు పక్కన ఉండి నేర్చుకుంటారు. మూడు నెలలకి మార్చండి. ‘నాకు రాదు’ అనేవాళ్లకి నేర్పించండి, అంతేగానీ వదిలేయకండి. నేర్పేటప్పుడు ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. ‘ఇలా ఇవ్వండి సార్, నేను చేసేస్తా’ అని లాక్కుంటే ఆయన ఎప్పటికీ నేర్చుకోరు, ఆ పని మీ నెత్తినే ఉంటుంది.

నెట్ రాక అప్‌లోడ్ కాకపోతే స్క్రీన్‌షాట్ తీసి, టైం కనపడేలా హెచ్‌ఎంకి పంపేయండి. రేపు సంజాయిషీ అడిగితే చూపించడానికి ఉంటుంది. ఈ చిన్న అలవాటు ఎంతో భయం తీసేస్తుంది.

వాట్సాప్‌కి బడిలో రెండు గ్రూపులు చాలు. ఒకదాంట్లో హెచ్‌ఎం మాత్రమే రాయాలి, అధికారిక సమాచారం మాత్రమే రావాలి. రెండోది పుట్టినరోజులకి, కబుర్లకి. రాత్రి ఏడు దాటాక మొదటి గ్రూపులో ఏదీ పెట్టకూడదు. పైనుంచి తొమ్మిదింటికి మెసేజ్ వస్తే హెచ్‌ఎం దాన్ని తన దగ్గరే ఉంచుకుని పొద్దున పంపాలి. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయాలి. ఈ బరువు మోయడం హెచ్‌ఎంకి కష్టమే, నాకు తెలుసు. కానీ పైనుంచి వచ్చే వేడిని తన దగ్గర కొంత ఆపగలిగిన హెచ్‌ఎంని స్టాఫ్ జన్మలో మరచిపోరు.

5. ఆసరా అంటే ఏమిటో విడమరిచి చూసుకోండి

జేమ్స్ హౌస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1981లో పనిచోట దొరికే ఆసరాని నాలుగు రకాలుగా విడదీశారు: మనసు వినడం, చేతి సాయం, తెలిసింది చెప్పడం, చేసిన పనిని సరిగా అంచనా వేసి చెప్పడం. మన స్టాఫ్‌రూముల్లో మొదటిది కొంత ఉంది. టీ తాగుతూ బాధ చెప్పుకుంటాం. రెండోది మొహమాటం మీద నడుస్తుంది. మూడు, నాలుగు చాలా తక్కువ.

మూడోది ఎక్కువగా కావాల్సింది కొత్తవాళ్లకి. టీచర్ల నియామకానికి తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి జరిగాయి. అలా వచ్చినవాళ్లలో చాలామందికి ఊరు కొత్త, గది కొత్త, రిజిస్టర్లు కొత్త. చేరిన రోజే ఒక సీనియర్‌ని జత చేయండి. ఆ సీనియర్ మొదటి నెలలో చేయాల్సినవి ఇవి: సర్వీస్ రిజిస్టర్ తెరిచారో లేదో కనుక్కోవడం, సెలవుల లెక్క చెప్పడం, పేరెంట్స్ మీటింగ్‌లో పక్కన కూర్చోవడం, వారానికో పీరియడ్ ఆ కొత్త టీచర్ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని తర్వాత ఒక మంచి మాట, ఒక సలహా చెప్పడం. అంతకు మించి సలహాలు వద్దు.

అనుభవజ్ఞులకీ ఆసరా కావాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, పదవీ విరమణకి ఐదేళ్లకి మించి సర్వీసుండి, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) లేని ఇన్‌సర్వీస్ టీచర్లు రెండేళ్లలో దాన్ని పాసవ్వాల్సిన పరిస్థితి వచ్చింది. ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పిన మనిషి మళ్లీ పరీక్షకి కూర్చోవాలంటే చిన్నతనంగా ఉంటుంది, భయంగా కూడా ఉంటుంది. నిన్నమొన్న టెట్ రాసి వచ్చిన కుర్ర టీచర్లు లెక్కలు, సైకాలజీ చెప్పగలరు. వారానికి రెండు సాయంత్రాలు గంట చొప్పున కూర్చుంటే చాలు. పరాచికాలు మాత్రం వద్దు. ‘ఏం సార్, చదువుతున్నారా?’ అని నలుగురిలో నవ్వుతూ అడిగే మాట కూడా గుచ్చుకుంటుంది.

నాలుగో రకానికి వస్తే, ‘చాలా బాగా చేశారు’ అన్నది ఆసరాగా చాలదు. ‘ఏడో తరగతిలో చదవలేని ఆ నలుగురూ ఇప్పుడు వాక్యం చదువుతున్నారు, నేను విన్నాను మేడం’ అని హెచ్‌ఎం అంటే ఆ మేడం ఆ నెలంతా ఉత్సాహంగా ఉంటుంది.

6. తల్లిదండ్రుల గొడవకి ఒంటరిగా పంపకండి

పిల్లాణ్ని తిట్టారనో, మార్కులు తగ్గాయనో తండ్రి ఊగిపోతూ వస్తాడు. క్లాసు గుమ్మంలో, పిల్లల ముందు, టీచరు ఒక్కతే. ఈ పరిస్థితి రానివ్వకూడదు. వచ్చినవాళ్లను నేరుగా హెచ్‌ఎం గదికి తీసుకెళ్లాలి. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాలి. ముందు ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వాలి. టీచరుని పిలిచేటప్పుడు ఇంకో సహోద్యోగి కూడా రావాలి. హెచ్‌ఎం అందరి ముందు టీచర్ని మందలించకూడదు. తప్పు ఉంటే తర్వాత, తలుపు వేసి మాట్లాడాలి.

చేయి చేసుకోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ సమర్థించకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. అలసిన టీచరుకే చేయి త్వరగా లేస్తుంది. అందుకే సహనం చచ్చిపోతున్నప్పుడు ‘ఐదు నిమిషాలు నా క్లాసు చూడండి’ అని పక్క గది టీచర్ని అడిగే ఏర్పాటు ఉండాలి. అడిగినవాళ్లని కారణం అడగకూడదు.

7. ఒంటి సంగతి

ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. మంచి టాయిలెట్ లేని బళ్లలో మహిళా టీచర్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. తలనొప్పి, మూత్రంలో మంట, గొంతు ఎండిపోవడం, చిరాకు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌లో మొదటి అంశంగా దీన్నే పెట్టండి. తలుపుకి గడియ, నీళ్లు, ఒక తాళంచెవి స్టాఫ్‌రూమ్‌లో. గొంతుకి వరుసగా మూడు పీరియడ్లకి మించి పని పడకుండా టైంటేబుల్ వేయండి.

8. పైకి రాసేటప్పుడు

నోటిమాటగా చెప్పుకుంటే గాలికి పోతుంది. వినతిపత్రం రాయండి. హెచ్‌ఎం ద్వారా ఎంఈవోకి, అక్కడి నుంచి డీఈవోకి (జిల్లా విద్యాధికారికి). రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కోపం రాయకండి, లెక్క రాయండి. ఉదాహరణకి ఇలా:

‘మా పాఠశాలలో గణితం బోధించే స్కూల్ అసిస్టెంటు ఒక్కరే. వారిని గత నెల 5 నుంచి 16వ తేదీ వరకు వేరే విధులకి పంపినందున పదో తరగతి రెండు సెక్షన్లకు గణిత పీరియడ్లు జరగలేదు. ఇకపై ఒకే సబ్జెక్టుకి ఒకే టీచరు ఉన్న పాఠశాలల నుంచి ఆ టీచర్లను పంపకుండా చూడవలసిందిగా, తప్పనిసరైతే ప్రత్యామ్నాయంగా వర్క్ అడ్జస్ట్‌మెంట్‌పై ఒకరిని కేటాయించవలసిందిగా కోరుతున్నాము.’

పిల్లలకి జరిగిన నష్టం ముందు, మన ఇబ్బంది తర్వాత. అడిగేది ఒక్కటే, అదీ వాళ్ల అధికారంలో ఉన్నది. ఇలా రాస్తే పక్కన పెట్టడం కష్టం. టీచర్ల సంఘం ద్వారా వెళ్లినా ఈ కాగితమే ఆధారం.

9. మనిషి కుంగిపోతున్నప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌కి మూడు గుర్తులు చెప్పింది: సత్తువ అంతా హరించుకుపోవడం, పని మీద విరక్తి లేదా దాన్నుంచి దూరం జరగడం, చేసే పనిలో ఫలితం కనపడకపోవడం. మన దగ్గర ఇవి ఎలా కనపడతాయంటే, నోట్సులు ఒక్కనాడూ ఆలస్యం చేయని సార్ కట్టలు పేరుస్తారు. అందరితో కలిసి తినే మేడం క్యారేజీ విప్పకుండా కూర్చుంటారు. సెలవులు సోమవారాల్లోనే ఎక్కువవుతాయి.

విడిగా, నడుస్తూనో బండి దగ్గరో అడగండి. ‘నాలుగు రోజులుగా చూస్తున్నాను మేడం, మీరు అన్నం సరిగా తినట్లేదు. నాతో చెప్పాలనిపిస్తే చెప్పండి, వింటాను’ చాలు. ‘ఏముంది, అందరికీ ఉన్నదే’ అనొద్దు. ‘మా ఆవిడకి ఇంతకన్నా కష్టం’ అనొద్దు.

‘నేను లేకపోతే బావుండు’ లాంటి మాట వస్తే దాటేయకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లకి చెప్పండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఈ ఊళ్ల పేర్లు చెప్పి వెక్కిరించే అలవాటు స్టాఫ్‌రూముల్లోనూ ఉంది. దాన్ని ఇవాళే మానుకోవాలి. సాయం కావాల్సిన మనిషి ఆ నవ్వులు విని నోరు మూసుకుంటాడు.

సెలవు విషయానికి వస్తే, ఏడాదికి 20 రోజుల హాఫ్ పే లీవ్ జమవుతుంది. మెడికల్ సర్టిఫికెట్ మీద దాన్ని కమ్యూటెడ్ లీవ్‌గా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది. ఒక రోజుకి రెండు హాఫ్ పే రోజులు తగ్గుతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉండాలి. ఆరోగ్య బీమా మానసిక అనారోగ్యాన్నీ శరీర అనారోగ్యంతో సమానంగా చూడాలి. సెలవు కారణం హెచ్‌ఎం దగ్గరే ఆగిపోవాలి, స్టాఫ్‌రూమ్‌కి చేరకూడదు.

వేధింపు వేరే సంగతి, దాన్ని ఒత్తిడిలో కలిపేయకండి. మహిళా ఉద్యోగులపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 కింద పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. సర్దుకుపొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

10. ఒక్కరే ఉన్న బడి, ప్రైవేటు బడి

ఏకోపాధ్యాయ బడిలో స్టాఫ్‌రూమే లేదు. జ్వరం వచ్చినా సెలవు పెట్టడానికి మనసొప్పదు, బడి మూతపడుతుందని. అలాంటివాళ్లు పక్క ఊరి ఎస్‌జీటీతో (ప్రాథమిక బడి టీచరుతో) జత కట్టాలి. రోజూ సాయంత్రం ఐదు నిమిషాల ఫోన్. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్లన్నీ కలిసిన గుంపు) సమావేశంలో చివరి అరగంట ఇందుకు అడగండి. సెలవు రోజున ఎవరు వస్తారో సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) దగ్గర ముందే జాబితా రాయించండి. ఆపద వచ్చిన రోజు వెతుక్కోవడం కన్నా ఇది ఎంతో నయం.

ప్రైవేటు టీచర్లకి పైన చెప్పిన సర్కారీ సెలవులు, ఎంఈవో ద్వారా వినతిపత్రం పంపే దారి ఉండవు. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి, టార్గెట్ పూర్తికాకపోతే కొన్నిచోట్ల జీతం ఆగుతుంది. కరోనాలో బళ్లు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 2021లో వాళ్లకి నెలకి రూ.2,000, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే వాళ్ల కింద నేల ఎంత పలచనో తెలుస్తుంది. వాళ్లు చేయగలిగినవి: అపాయింట్‌మెంట్ లెటర్, జీతం బ్యాంకులోనే పడాలని అడగడం, పనిగంటలు డైరీలో రాసుకోవడం, ఒక్కరుగా కాక నలుగురూ కలిసి వెళ్లి మాట్లాడటం. అడ్జస్ట్‌మెంట్ గీతల పద్ధతి వాళ్ల బడిలోనూ నడుస్తుంది.

11. రాసి పెట్టుకోండి, అప్పగించండి

నెలకోసారి ఇరవై నిమిషాల స్టాఫ్ మీటింగ్ ఇందుకే పెట్టండి. అడ్జస్ట్‌మెంట్ గీతలు చూడటం, యాప్‌ల జతలు మార్చాలా అని అడగడం, ఎవరికైనా వచ్చే నెల వెసులుబాటు కావాలా అని అడగడం. మూడే అంశాలు. సర్క్యులర్లు చదవడానికి ఈ మీటింగ్‌ని వాడకండి.

ఒప్పుకున్న నియమాలన్నీ మినిట్స్ పుస్తకంలో రాసి అందరూ సంతకాలు చేయండి. బదిలీల కౌన్సెలింగ్‌లో హెచ్‌ఎం మారినప్పుడు ఇవన్నీ నోటిమాటగా ఉంటే పోతాయి. అందుకని చార్జి అప్పగించే జాబితాలో బీరువా తాళాలు, స్టాకు రిజిస్టర్లతో పాటు ఈ పుస్తకం పేరు కూడా చేర్చండి. కొత్త హెచ్‌ఎం చేరిన వారంలో సీనియర్ అసిస్టెంటు ఆయన పక్కన కూర్చుని ఏ నియమం ఎందుకు పెట్టారో ఒక్కొక్కటీ చెప్పాలి.